సత్యనారాయణపురం ఫ్లాటు, చిన్న హాలు, లక్షన్నర బడ్జెట్: ఏ టీవీ?

రిమోట్_నాన్నదే | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఈ ఫోరమ్‌లో పోస్టులు చదువుకుని పోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు అవసరం నాదైంది.

మాది బెజవాడ సత్యనారాయణపురంలో పాత అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు. హాలు పదకొండు బై పద్నాలుగు. అందులోనే సోఫా, దివాన్ కాట్, నలుగురు కూర్చునే డైనింగ్ టేబులు, నాన్నగారి పడక్కుర్చీ. ఇంకో మనిషి వస్తే ఎవరో ఒకరు లేచి బాల్కనీలోకి వెళ్లాలి. ఇప్పుడున్న 43 అంగుళాల టీవీ తొమ్మిదేళ్లది. దసరా ముందు తెర కింది సగం చీకటైపోయింది. మెకానిక్ వచ్చి చూసి, వెనక లైటు స్ట్రిప్పులు పోయాయి, మార్చినా ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు.

ఈసారి మంచిదే కొనాలని ఉంది. బడ్జెట్ లక్షన్నర, మరీ నచ్చితే లక్షా డెబ్బై. మళ్లీ పదేళ్లదాకా ఆ షాపుల గడప తొక్కను. సోఫాలో కూర్చుంటే నా కంటికీ గోడకీ మధ్య 7 అడుగుల 9 అంగుళాలు (టేపుతో కొలిచాను, మా ఆవిడ నవ్వింది). పడమటి బాల్కనీ, మధ్యాహ్నం రెండు నుంచి ఎండ నేరుగా లోపలికి. నేను సినిమాలు చూసేది రాత్రి పదకొండు తర్వాత. మావాడికి పీఎస్5 గేమ్ బాక్సు ఉంది.

అనుకుంటున్నవి, అన్నీ 55 అంగుళాలే: ఎల్‌జీ సీ సిరీస్, సోనీ బ్రేవియా 8, శాంసంగ్ ఎస్90 సిరీస్ (ఈ మూడూ ఓఎల్ఈడీ), సోనీ బ్రేవియా 7 మినీ ఎల్ఈడీ. బందరు రోడ్డులో ఒక షాపాయన మాత్రం "65 తీసుకోండి సార్, లేకపోతే తర్వాత బాధపడతారు" అని మూడుసార్లు చెప్పాడు. ఏం చేయమంటారు?

పిక్సెల్_పిచ్చోడు | ఆదివారం రాత్రి 9:58

కళ్లు మూసుకుని ఓఎల్ఈడీ. రాత్రి పదకొండు తర్వాత లైట్లార్పి సినిమా చూసే మనిషికి రెండో ఆలోచన అక్కర్లేదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక ముక్క. 2016 పుష్కరాల్లో పద్మావతి ఘాట్ దగ్గర నీళ్లలో వదిలిన దీపాలు గుర్తున్నాయా? ఓఎల్ఈడీ అంటే అది. 4కే తెర మీద దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి, ఒక్కోటి ఒక్కో దీపం. నల్లగా ఉండాల్సిన చోట దీపం ఆరిపోతుంది, అంతే. మినీ ఎల్ఈడీ అంటే వీధి దీపాలు. వెనక వేల లైట్లున్నా వాటిని వందల జోన్లుగా కట్టి, జోనుకో స్విచ్చు పెడతారు. చీకటి ఆకాశంలో ఒక్క చందమామ వస్తే చుట్టుపక్కల వీధంతా కాస్త తెల్లబడుతుంది. సబ్‌టైటిల్స్ చుట్టూ కూడా ఆ మెరుపు కనబడుతుంది. ఒకసారి అది కంట పడితే ఇక సినిమా మీద దృష్టి నిలవదు.

ఇక క్యూఎల్ఈడీ అని రాసి ఉంటే ఓఎల్ఈడీకి తమ్ముడనుకోకండి. అది రంగులు మెరుగుపరిచే క్వాంటమ్ డాట్ పొర వేసిన ఎల్‌సీడీయే, వెనక లైట్లతో వెలిగేదే.

బ్రాడీపేట_నాలుగోలైను | ఆదివారం రాత్రి 10:11

ప్యానెల్ సంగతి ఆయన చెప్పింది సరే. సైజు దగ్గర మీరు తప్పటడుగు వేస్తున్నారు. షాపాయన కమిషన్ కోసం చెప్పినా చెప్పింది నిజమే.

లెక్క చూడండి. టీవీ సైజుని 1.2తో హెచ్చవేస్తే సినిమాహాలు లాగా కళ్లనిండా కనబడే దూరం, 1.6తో హెచ్చవేస్తే మామూలుగా ఇంట్లో చూసే దూరం. 55కి 66 నుంచి 88 అంగుళాలు. మీరు కూర్చునేది 93లో. అంటే 55 మీకు చిన్నదే. 65కి 78 నుంచి 104. మీరు సరిగ్గా నడిమధ్య ఉన్నారు. హాలు చిన్నదైతే టీవీ చిన్నదుండాలన్నది మన నాన్నల కాలం మాట. అప్పటి తెరల మీద గీతలు కనబడేవి కాబట్టి దూరం కూర్చునేవాళ్లు.

రిమోట్_నాన్నదే | ఆదివారం రాత్రి 10:20

అన్నా, లెక్క ఒప్పుకున్నాను. కానీ గోడలో షోకేసు ఉంది. మధ్య గూడు అడ్డం 4 అడుగుల 3 అంగుళాలు. 55 అడ్డం సుమారు 4 అడుగులు, దూరుతుంది. 65 అయితే 4 అడుగుల 9 అంగుళాలు.

బ్రాడీపేట_నాలుగోలైను | ఆదివారం రాత్రి 10:22

షోకేసు పీకించండి. కార్పెంటరుకి ఒక్క పూట పని.

రిమోట్_నాన్నదే | ఆదివారం రాత్రి 10:25

అది మా అమ్మ పెళ్లికి అమ్మమ్మావాళ్లు చేయించిన టేకు అన్నా. పై అరలో కొండపల్లి దశావతారాల సెట్టు. దాని మీద చెయ్యి వేస్తే బయటికి పోయేది షోకేసు కాదు, నేను.

పాత_షట్టర్_టీవీ | సోమవారం ఉదయం 6:15

పెద్దవాణ్ణి, పొద్దున్నే లేస్తాను, అందుకే ఈ టైము.

ఎనభైల్లో గవర్నర్‌పేటలో మేమున్న వాటాల ఇంట్లో ఒక్కటే బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది, చెక్కపెట్టె, షట్టర్లకు తాళం. డాబా మీద ఒకడు యాంటెన్నా తిప్పేవాడు, కింద కిటికీలోంచి ఇంకొకడు "వచ్చింది... పోయింది... కొంచెం ఏటివైపు తిప్పరా" అని అరిచేవాడు. బొమ్మ ఎలా ఉండాలో ఎవరూ అడగలేదు, ఉంటే చాలు. నలభై మందిమి చూసేవాళ్లం. ఆ నలభై మంది ఎక్కడెక్కడ కూర్చునేవాళ్లో ఇప్పటికీ చెప్పగలను.

మీ అందరి లెక్కలూ చదివాను బాబూ. మీ కంటికీ గోడకీ దూరం చెప్పారు. మీరు ఆ సోఫాలో కూర్చునేది రోజుకెంతసేపు? మిగతా వేళ ఆ టీవీలో ఏం నడుస్తుంది, ఎవరు చూస్తారు? మీరు పెట్టుకున్న పేరు చూస్తేనే నాకు అనుమానంగా ఉంది.

రిమోట్_నాన్నదే | సోమవారం ఉదయం 8:50

పట్టేశారు గురువుగారు.

నిజం చెబుతాను. నాన్నగారు ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. పొద్దున ఆరింటికి పాలపాకెట్టు తెచ్చి టీవీ వేస్తారు. న్యూస్. మధ్యాహ్నం భోజనం తర్వాత కునుకు తీస్తారు, టీవీ మాత్రం ఆగదు. ఆపితే లేచి "ఎందుకాపావు, వింటున్నా" అంటారు. సాయంత్రం నాలుగు నుంచి డిబేట్లు. ఏడు నుంచి అమ్మ సీరియల్స్, తొమ్మిదిన్నరకి మళ్లీ న్యూస్. నేను చూసేది వారానికి రెండు సినిమాలు, అదీ కుదిరితే.

మిరపయార్డు_ఎదురుగా | సోమవారం ఉదయం 10:30

ఇప్పటిదాకా ఓఎల్ఈడీకే ఓటేద్దామనుకుంటూ చదువుతున్నా. ఈ పోస్టు చూశాక ఆగాను.

గుంటూరులో మా ఇంట్లో ఓఎల్ఈడీ ఉంది. బ్రాండు చెప్పను, అందరివీ ఒకే తీరు. బొమ్మ గురించి ఒక్క మాట అనలేను, అంత బాగుంటుంది. మా మావయ్యగారు వచ్చి ఏడాదిన్నర ఉన్నారు. ఆయనకీ న్యూసే, అది కూడా ఒకటే ఛానెల్. ఒకరోజు రాత్రి ఏదో మంచు కొండల సీను వస్తుంటే తెల్ల తెర మీద కింద అడ్డంగా పట్టీ కనబడింది, కుడివైపు పైన గుండ్రంగా మచ్చ. కేబుల్ వాడిదనుకుని బాక్సు మార్పించాను. యూట్యూబ్‌లో ఉత్త ఎర్ర తెర వీడియో పెట్టి చూస్తే అప్పుడు అర్థమైంది. స్క్రోలింగ్ పట్టీ, ఛానెల్ లోగో రెండూ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. అక్షరాలు పరిగెడతాయి గానీ వాటి వెనక ఎర్ర పట్టీ కదలదు కదా.

సర్వీసు వాళ్లు వచ్చి ఏదో క్లీనింగ్ నడిపారు, కొంచెం తగ్గింది, పోలేదు. వారంటీలోకి రాదన్నారు. ప్యానెల్ మార్చాలంటే అడిగిన ధర వింటే కొత్త టీవీయే కొనుక్కోవచ్చనిపించింది. పెద్దాయనకి ఈ సంగతి చెప్పలేదు. ఆయన పోయి రెండేళ్లయింది. మచ్చ ఇంకా ఉంది. ఒక్కోసారి అది కనబడితే ఆయనే కూర్చున్నట్టు ఉంటుంది, నిజానికి ఇప్పుడు మార్చాలని కూడా లేదు.

పిక్సెల్_పిచ్చోడు | సోమవారం ఉదయం 11:05

మిరపయార్డు అన్నా, చివరి ముక్క చదివి ఏం రాయాలో తెలీలేదు.

అయినా ఓఎల్ఈడీ తరఫున రెండు మాటలు, లేకపోతే అన్యాయం. ఒకటి, ఆర్టింగ్స్ అని కెనడా సైటు వాళ్లు వంద టీవీలు వరసగా పెట్టి ఒక అమెరికా న్యూస్ ఛానెల్‌ని వేల గంటలు నడిపారు. ఓఎల్ఈడీల్లో మచ్చలొచ్చాయి, కాదనను. కానీ మామూలు ఎల్ఈడీలు కూడా వెనక లైట్లు పోయి చాలానే చచ్చాయి, ముఖ్యంగా అంచుల్లో మాత్రమే లైట్లుండే సన్నటి మోడళ్లు. మన మిత్రుడి 43 పోయింది కూడా లైట్లు పోయే కదా.

రెండు, ఈ టీవీలకి తమను తాము సరిచేసుకునే పద్ధతి ఉంది. మొత్తం నాలుగు గంటలు చూశాక రిమోట్‌తో ఆపితే, స్టాండ్‌బైలో ఉండగా కొన్ని నిమిషాలు చుక్కలన్నిటినీ కొలిచి సమం చేసుకుంటుంది. మనకేమీ కనబడదు. షరతు ఒక్కటే, గోడ దగ్గర స్విచ్చు ఆపకూడదు.

రిమోట్_నాన్నదే | సోమవారం ఉదయం 11:12

అయిపోయింది. నాన్నగారు రాత్రి పడుకోబోయే ముందు గ్యాస్ సిలిండర్ నాబు, మెయిన్ డోరు గడియ, టీవీ స్విచ్చు, ఈ మూడూ చెయ్యిపెట్టి చూడందే పడుకోరు. ముప్పై ఏళ్ల అలవాటు.

గుణదల_కొండకింద | సోమవారం ఉదయం 11:20

స్విచ్చు మీద ప్లాస్టర్ అంటించండి 😄 స్టాండ్‌బైలో అరవాటు కాలినా ఏడాదంతా కలిపి నాలుగైదు యూనిట్లు. పెద్దాయనకి బిల్లు లెక్క చూపించండి.

రిమోట్_నాన్నదే | సోమవారం ఉదయం 11:24

బిల్లు కోసం కాదండి. ఉరుములు.

గుణదల_కొండకింద | సోమవారం మధ్యాహ్నం 1:40

అయితే మీ నాన్నగారిదే కరెక్టు. నేను ఎలక్ట్రికల్ పని చేస్తాను కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

షాపులో టీవీతోపాటు స్టెబిలైజర్ అంటగడతారు. టీవీ వెనక స్టిక్కరు చూడండి, 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే వోల్టేజి తగ్గితే దానికొచ్చే నష్టం లేదు. ఎండాకాలం సాయంత్రాలు మన వీధుల్లో 180కి పడినా అది నడుస్తుంది. ప్రమాదం పెరిగినప్పుడే. అపార్ట్‌మెంటుకి మూడు ఫేజులొస్తాయి, కింద మీటరు బోర్డులో న్యూట్రల్ వైరు లూజైతే 230 రావాల్సిన ఇంట్లోకి 350, 400 దాకా తోసుకొస్తుంది. ఒక అపార్ట్‌మెంటులో ఇలాగే ఒక్క రాత్రిలో మూడు ఫ్లాట్ల టీవీలు, ఒక ఫ్రిజ్జు పోవడం నేను వెళ్లి చూశాను. దీనికి ఓవర్ వోల్టేజి కటాఫ్ పెట్టించుకోవాలి. పిడుగు కోసం సర్జ్ ప్రొటెక్టరు, దానికి ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. ఎర్తింగ్ లేని ప్రొటెక్టరు గోడకి కొట్టిన బొమ్మే.

ఇంకోటి, పిడుగు కరెంటు తీగలోంచే రావాలని లేదు. డాబా మీది డిష్ కేబుల్లోంచి సెట్‌టాప్ బాక్సులోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐలో టీవీలోకి దిగుతుంది. స్విచ్చు ఆపి కేబుల్ వదిలేస్తే సగం పనే చేసినట్టు.

సింగ్‌నగర్_మెట్లమీద | సోమవారం మధ్యాహ్నం 2:05

2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇంట్లోకొచ్చినప్పుడు టీవీ గోడకి ఐదడుగుల ఎత్తులో ఉంది. ముందు దాన్నే పీకి పైకి మోశాను, సర్టిఫికెట్లు కిందే వదిలేశాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలీదు. టీవీ బాగానే ఉంది. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు విప్పడానికి వీలుండే బ్రాకెట్టు పెట్టించుకోండి, అంతే చెప్పదలచుకున్నా.

వంటింటి_గుమ్మం | సోమవారం మధ్యాహ్నం 3:30

ఇంతమంది మగవాళ్లు సోఫా నుంచి గోడకి దూరం కొలుస్తున్నారు. సోఫాలో కూర్చునేదెవరు? మధ్యాహ్నం పూట మా ఇంట్లో సోఫా మీద ఆరేసిన బట్టలుంటాయి.

రిమోట్ గారూ, మీ అమ్మగారు సీరియల్ చూసేది ఎక్కడి నుంచి? మా అత్తగారు వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని చిక్కుళ్లు వలుస్తూ చూస్తారు. తెరకి బాగా పక్కన. పిల్లలు టీవీ కిందే నేల మీద. ఆయన డైనింగ్ టేబులు చివర. హాలు చిన్నదైనకొద్దీ ఎదురుగా కూర్చునేది ఒక్కరే, మిగిలినవాళ్లంతా వారగానే. మేము రెండేళ్ల కిందట బాగా వెలుగొస్తుందని ఒక ఎల్ఈడీ తెచ్చాం. ఎదురుగా చూస్తే అద్దంలా ఉంది. అత్తగారు మాత్రం "అందరి మొహాలకీ విభూతి పూశారేంట్రా" అన్నారు. వెళ్లి ఆవిడ పీట మీద కూర్చుని చూస్తే నిజమే, రంగంతా పాలిపోయింది. షాపులో మేమిద్దరం ఎదురుగా నిలబడే చూశాం కదా, అక్కడెలా తెలుస్తుంది.

పిక్సెల్_పిచ్చోడు | సోమవారం మధ్యాహ్నం 3:48

అక్కా, దండం. మీరన్నది వీఏ ప్యానెల్ గుణం. చాలా ఎల్ఈడీలు, మినీ ఎల్ఈడీలు ఆ ప్యానెలే వాడతాయి. ఎదురుగా నలుపు బాగా వస్తుంది, పక్కకి జరిగితే పాలిపోతుంది. ఓఎల్ఈడీకి ఈ ఇబ్బంది దాదాపు లేదు.

అంటే ఇప్పుడు నాన్నగారికి మినీ ఎల్ఈడీ కావాలి, అమ్మగారికి ఓఎల్ఈడీ కావాలి.

బ్రాడీపేట_నాలుగోలైను | సోమవారం మధ్యాహ్నం 3:52

ఆయనకి ప్రొజెక్టరు కావాలి, వాళ్లిద్దరికీ విడిగా పాత టీవీ కావాలి.

పాత_షట్టర్_టీవీ | సోమవారం సాయంత్రం 5:10

విడిగా అనకండి నాయనా. పడగ్గదిలో న్యూస్ పెట్టిస్తే ఆ పెద్దాయన చూడరు. హాల్లో కూర్చుంటే వచ్చేపోయేవాళ్లు కనబడతారు, పాలవాడు, పేపరువాడు, ఎదురింటివాడు. న్యూస్ ఒక వంక.

తాడిగడప_ఈఎంఐ | సోమవారం సాయంత్రం 6:00

మధ్యలో దూరుతున్నా. దీపావళి దాకా ఆగాలా? జీఎస్టీ తగ్గింది కదా, పది శాతం తగ్గాలి కదా, షాపువాళ్లు ఏడెనిమిది శాతమే అంటున్నారు. నొక్కేస్తున్నారా?

మిరపయార్డు_ఎదురుగా | సోమవారం సాయంత్రం 6:25

ఈ ఒక్కదాంట్లో నొక్కట్లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద 28 నుంచి 18కి తగ్గింది. లక్ష అసలు ధరైతే అప్పుడు 1,28,000, ఇప్పుడు 1,18,000. తగ్గింది పదివేలే, అది 1,28,000లో 7.8 శాతం. పాత బిల్లు మీద పది శాతం అడిగితే ఎవడూ ఇవ్వడు.

రిమోట్_నాన్నదే | బుధవారం రాత్రి 10:45

రెండ్రోజులు రాయలేదు, షాపులు తిరిగాను. బందరు రోడ్డులో రెండు, ఏలూరు రోడ్డులో ఒకటి. వెంట అమ్మని తీసుకెళ్లాను. నాన్నగారు రానన్నారు, డిబేట్ ఉందట.

షాపులో అన్ని టీవీల్లోనూ అదే వీడియో. చిలకలు, పూలు, తేనె కారడం. ప్రతి టీవీ షోరూమ్ మోడ్‌లో, కళ్లు చెదిరే వెలుగు. నేను ఇంటి దగ్గర్నుంచి మా సెట్‌టాప్ బాక్సు సంచిలో పెట్టుకెళ్లాను. మొదటి షాపులో కుర్రాడు నవ్వి, కేబుల్ కనెక్షన్ లేదన్నాడు. రెండో షాపు పెద్దాయన మాత్రం "మీరు చూసేదే చూడండి, అదే మంచిది" అని పైన ఆఫీసుగదికి వెళ్లే వైరు లాగి పెట్టించారు. ఆయనకి అక్కడే సగం బేరం ఇచ్చేశాను.

న్యూస్ పెట్టగానే చిలకలన్నీ ఎగిరిపోయాయి. మేము కట్టేది ఎస్‌డీ ప్యాకేజీ. మావాడు అక్కడే లెక్కేశాడు, 720 బై 576 అంటే 4 లక్షల చిల్లర చుక్కలు, 4కే తెర మీద 83 లక్షలు. అంటే ఒక్క చుక్కని టీవీ ఇరవై చేసుకోవాలి, పంతొమ్మిది సొంతంగా ఊహించుకోవాలి. ఆ ఊహలోనే తేడా అంతా. ఒక టీవీలో యాంకరు మొహం మైనంలా కారిపోయింది, ఇంకోదాంట్లో స్క్రోలింగ్ అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు మసక. 65 మీద అదే న్యూస్ చూశాక బ్రాడీపేట అన్న లెక్క గుర్తొచ్చింది. లెక్క 4కే బొమ్మకి కరెక్టు అన్నా, మా కేబుల్‌కి కాదు. ఏడడుగుల్లో 65 మీద మా ఎస్‌డీ న్యూస్ చూడలేకపోయాను.

తర్వాత అమ్మని కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టాను, వంటింటి అక్క మాట మీద. ఓఎల్ఈడీ బాగుందంది. మినీ ఎల్ఈడీ దగ్గర కాసేపు చూసి, "వారగా చూస్తే చీర రంగు వేరే ఉందిరా" అంది. చీర రంగు కోసం సీరియల్ చూస్తుందని నాకు ఇన్నాళ్లూ తెలీదు.

షాపు పెద్దాయన్ని అడిగాను, పన్నెండు గంటల న్యూస్‌కి ఏదిమ్మంటారని. ఓఎల్ఈడీ అమ్మితే ఆయనకి ఎక్కువ మిగిలేది. అయినా "మీ నాన్నగారికైతే అది వద్దు బాబూ" అన్నారు.

పిక్సెల్_పిచ్చోడు | బుధవారం రాత్రి 11:02

ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. రోజుకి పన్నెండు గంటల న్యూస్, పైగా రాత్రి స్విచ్చు కట్. ఓఎల్ఈడీ వద్దు.

మినీ ఎల్ఈడీ తీసుకునేముందు రెండు చూసుకోండి. సినిమాలో వెలుగునీడలు సీను సీనుకీ సరిచేసే పద్ధతులు రెండున్నాయి. శాంసంగ్‌లో డాల్బీ విజన్ ఉండదు, హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటుంది. సోనీలో డాల్బీ విజన్ ఉంటుంది. మీరు ఓటీటీలో సినిమాలు చూస్తారు కాబట్టి ఇది కొంచెం పట్టించుకోవాల్సిందే. మీవాడి పీఎస్5కి 4కే 120 (సెకనుకి 120 బొమ్మలు) కావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు కావాలి. సోనీలో అలాంటివి రెండే, అందులో ఒకటి సౌండ్‌బార్ పెట్టే ఈఆర్క్ పోర్టే. రెండో గేమ్ బాక్సు కొనే ఆలోచన లేకపోతే సరిపోతుంది.

వంటింటి_గుమ్మం | గురువారం ఉదయం 9:15

అమ్మగారి సంగతి వదిలేశారే? అటూ ఇటూ తిప్పే బ్రాకెట్టు ఉంటుంది, చెయ్యిలా ముందుకొస్తుంది. మా మరిది ఇంట్లో పెట్టించారు. సీరియల్ టైముకి ఆవిడ వైపు తిప్పేయడమే. మధ్యాహ్నం బాల్కనీ ఎండ తెర మీద పడినా కాస్త తిప్పుకోవచ్చు.

గుణదల_కొండకింద | గురువారం ఉదయం 9:40

మంచి మాట, కానీ గోడ చూసుకోండి. చెయ్యి చాపే బ్రాకెట్టు ముందుకు లాగినప్పుడు బరువు గోడని పీకుతుంది. షోకేసు వెనక చెక్కకి బిగించకూడదు, దాన్ని దాటి ఇటుక గోడలోకి యాంకర్ బోల్టులు దిగాలి. నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడైతే ఒకసారి కొట్టి శబ్దం వినండి. గూడులో పెడుతున్నారు కాబట్టి చుట్టూ నాలుగు వేళ్ల గాలి సందు వదలండి. చాలా మాన్యువల్స్‌లో 40 డిగ్రీల వరకే వాడమని ఉంటుంది, మే నెలలో ఏసీ లేని బెజవాడ హాలుకి అది చెప్పి లాభం లేదనుకోండి.

ఎత్తు మాటేంటి? కూర్చున్నప్పుడు కంటికి తెర మధ్యభాగం ఎదురుగా రావాలి, నేల నుంచి మూడున్నర అడుగులు. మనవాళ్లు దేవుడి పటంలా పైన పెట్టి మెడ పట్టేసిందంటారు.

రిమోట్_నాన్నదే | శుక్రవారం రాత్రి 8:30

కొన్నాను. 55, మినీ ఎల్ఈడీ. బ్రాండు ఇక్కడ చెబితే పది పేజీల యుద్ధం మొదలవుతుంది, కావాల్సినవాళ్లు విడిగా మెసేజ్ పెట్టండి. లక్షన్నరలో చాలానే మిగిలింది. మిగిలినదాంతో తిప్పుడు బ్రాకెట్టు, ఓవర్ వోల్టేజి కటాఫ్, చిన్న సౌండ్‌బార్, కేబుల్‌కి హెచ్‌డీ ప్యాకేజీ. ఆఖరిదానికి నెలకయ్యేది వంద పైచిలుకు. ఇదే ముందు చేసుంటే పాత టీవీ కూడా బాగా కనబడేదేమో, అది వేరే బాధ.

రేపు ఉదయం బిగించడానికి వస్తారు.

మిరపయార్డు_ఎదురుగా | శుక్రవారం రాత్రి 8:41

పెట్టె వాళ్ల ముందే విప్పించండి, మొదటి నుంచి వీడియో తీయండి. పెట్టెని నిలబెట్టే మెట్లెక్కించాలి, పడుకోబెట్టి మోస్తే తెర చిట్లుతుంది. ఆన్ కాగానే ఎరుపు, తెలుపు, బూడిదరంగు తెరలు పెట్టి చుక్కలు, చారలు ఏమన్నా ఉన్నాయేమో చూశాకే సంతకం పెట్టండి.

రిమోట్_నాన్నదే | ఆదివారం రాత్రి 9:15

బిగించారు. చుక్కలు లేవు. గూడులో రెండు వైపులా ఒకటిన్నర అంగుళం సందు మిగిలింది, గుణదల గారి నాలుగు వేళ్లకి రెండు వేళ్లు తక్కువ. బ్రాకెట్టు కొంచెం ముందుకి లాగి పెట్టుకున్నాం. దశావతారాలు క్షేమం.

నేను కూర్చుని, వెలుగూ రంగులూ బాగా పెంచేసే వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్ పెట్టాను, బొమ్మని సాగదీసి నాటకంలా నున్నగా చేసే ఆ మోషన్ సెట్టింగు ఆపేశాను. బాత్రూమ్‌కి వెళ్లి వచ్చేసరికి నాన్నగారు మళ్లీ వివిడ్‌లోకి మార్చేశారు. రిమోట్‌లో ఆ బటను ఎక్కడుందో నాకింకా తెలీదు, ఆయనకి గంటలో తెలిసింది. "అంత డబ్బు పోసి దీపం తగ్గించుకుంటారా ఎవరైనా" అన్నారు. అందుకని పగలు వివిడ్, రాత్రి పదకొండు తర్వాత నాది.

అమ్మ ఏడింటికి తనే వచ్చి టీవీని వంటింటి వైపు తిప్పుకుంది. నాన్నగారు కుర్చీ కూడా అటు జరుపుకున్నారు, సీరియల్ చూడనని ముప్పై ఏళ్లుగా చెప్పే మనిషి.

బ్రాడీపేట_నాలుగోలైను | ఆదివారం రాత్రి 9:22

65 అయితే కుర్చీ జరపక్కర్లేకపోను.

పిక్సెల్_పిచ్చోడు | ఆదివారం రాత్రి 9:24

మీరు మారరు అన్నా.

రిమోట్ గారూ, చీకట్లో సబ్‌టైటిల్స్ చుట్టూ మెరుపు కనబడుతోందా?

రిమోట్_నాన్నదే | ఆదివారం రాత్రి 9:30

నిన్న రాత్రి ఒక సినిమా చూశాను. మీరు చెప్పకపోయుంటే కనబడేది కాదు. చెప్పారు కాబట్టి కనబడింది.

తాడిగడప_ఈఎంఐ | ఆదివారం రాత్రి 9:41

పాత 43 ఏం చేస్తున్నారు? లైటు స్ట్రిప్పులు నేను వేయించుకుంటా, రేటు చెప్పండి.

రిమోట్_నాన్నదే | ఆదివారం రాత్రి 9:50

అడిగాను. ఇవ్వనంటున్నారు. పై సగం బాగానే వస్తోంది కదా, స్క్రోలింగ్ కనబడకపోతే ఏం, యాంకరు చదువుతాడు కదా అంటున్నారు. పడగ్గదిలో పెట్టించమంటున్నారు, అమ్మ సీరియల్ టైముకి.